ఆకు తిప్పి చూశారా?

పుదుచ్చేరి గ్రాండ్ బజార్‌లో ఆదివారం ఉదయం కూరగాయలు కొంటున్నప్పుడు ఒక దృశ్యం తరచు కంటపడుతుంది. క్యాబేజీల గుట్ట ముందు నిలబడి కొందరు నున్నగా ఉన్నవాటిని పక్కకు నెట్టి, పై ఆకుల్లో చిల్లులున్న గడ్డనే ఏరుకుంటారు. పురుగు తిన్నదంటే మందు కొట్టలేదని వాళ్ల లెక్క. యానాం నుంచి బదిలీ మీద మా శాఖకు వచ్చిన సహోద్యోగిని ఒకరు ఇదే సూత్రం మీద ఇంటికి క్యాబేజీ కొనేవారు. ఆవిడను తప్పు పట్టలేను. వ్యవసాయ శాస్త్రం చదివి, బ్యాంకులో వ్యవసాయ అధికారిగా పనిచేస్తున్న నేను కూడా మొన్న మొన్నటి దాకా ఆ మాటకు తలూపినవాణ్నే. ఒక కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా నాకు ఆ నమ్మకం పోగొట్టింది. ఆ ఖాతా సంగతి, దాని వెనకున్న పురుగు సంగతి మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

రైతు పేరు చెప్పను. కడలూరు రోడ్డు మీదుగా బాహూరు వైపు వెళ్తే వచ్చే ఒక పల్లె వాళ్లది. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. బయట తమిళం, ఇంట్లో తెలుగు. మాది పలమనేరు కాబట్టి వాళ్ల యాస నాకు కొత్తగా అనిపించలేదు. పెద్దాయనకు అరవై దాటాయి. వరి, సర్వి తోపు, కొద్దిగా కూరగాయలు. మన ప్రాంతంలో క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసేవాళ్లు తక్కువే. మార్కెట్‌కు వచ్చే సరుకులో చాలా భాగం నీలగిరుల నుంచి, హోసూరు వైపు నుంచి వస్తుంది. అయినా మైదానపు వేడికి తట్టుకునే హైబ్రిడ్‌లు వచ్చాక చలికాలంలో ఒక పంట తీయవచ్చని ఆయన ధైర్యం. ఎకరం పొలంలో సగం క్యాబేజీ, సగం కాలీఫ్లవర్, గట్టు పొడవునా ముల్లంగి. స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ చూసి, రూల్ ప్రకారం ఇంటి ఖర్చులకు 10 శాతం, పనిముట్ల నిర్వహణకు 20 శాతం కలిపి లిమిట్ మంజూరు చేశాం. అంతా సక్రమమే.

ముందు నారు తుపానుకు పోయింది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఊరూ పొలమూ ఏకమైన సంగతి మనందరికీ గుర్తే. ఆయన మళ్లీ నారు పోసి జనవరిలో నాటారు. అంటే వానలు వెళ్లిపోయిన తరువాత, పొడి ఎండలో పంట ఎదిగింది. ఆ ఆలస్యం ఎంత పని చేసిందో నాకు తరువాతే అర్థమైంది. వాన ఈ పురుగుకు పెద్ద శత్రువు. గట్టి జల్లు పడితే పిల్ల పురుగులు ఆకు మీద నుంచి కొట్టుకుపోతాయి, నీళ్లలో మునిగి చస్తాయి. పొడి వాతావరణంలో ఆ అడ్డు ఉండదు.

ఫిబ్రవరి మొదట్లో నేను ఫీల్డ్ విజిట్‌కు వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర. ఆ రోజు ఇంకో నాలుగు పొలాలున్నాయి. గట్టు మీద నిలబడి చూశాను. వరసలు పచ్చగా, నిండుగా ఉన్నాయి. ఫోటో తీసుకున్నాను. 'పంట ఆరోగ్యంగా ఉంది, కలుపు లేదు' అని రిపోర్టులో రాశాను. పదహారు రోజుల తరువాత పెద్దాయన బ్రాంచికి వచ్చి, మందులకు ఇంకా డబ్బు కావాలన్నారు. లిమిట్‌లో మిగిలిన మొత్తం వాడుకోవచ్చని, పంట కాపాడుకోవడం ముఖ్యమని నేనే మేనేజరు గారికి చెప్పి డ్రా చేయించాను. ఆ డబ్బు అంతా పురుగుమందుల దుకాణానికే వెళ్లింది.

ఇక్కడ ఆ పురుగును పరిచయం చేయాలి.

ఇంగ్లీషులో దీన్ని డైమండ్ బ్యాక్ మాత్ అంటారు. శాస్త్రీయ నామం ప్లూటెల్లా జైలోస్టెల్లా. పెద్ద పురుగు బూడిద, గోధుమ రంగులు కలిసిన ఒక చిన్న రెక్కల పురుగు, వేలిగోరంత కూడా ఉండదు. రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు వీపు మీద లేత రంగులో మూడు వజ్రపు ఆకారాలు వరసగా కనిపిస్తాయి. పేరు అందుకే వచ్చింది. పంటను తినేది ఇది కాదు, దీని పిల్ల. లేత ఆకుపచ్చ రంగులో, రెండు చివరలా సన్నగా, ఒక సెంటీమీటరు పొడవున ఉంటుంది. వేలితో తాకితే గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి జరుగుతుంది, లేదా సన్నని దారం వదిలి ఆకు మీద నుంచి వేలాడుతుంది. ఈ ఒక్క లక్షణంతో పొలంలో దాన్ని గుర్తుపట్టేయవచ్చు.

ఇది ఆవ కుటుంబపు మొక్కలనే తింటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, నూల్‌కోల్ అన్నీ ఒకే కుటుంబం. నాలుగు రేకుల పువ్వు శిలువ ఆకారంలో ఉంటుంది కాబట్టి దీన్ని క్రూసిఫెర్ కుటుంబం అన్నారు. మన వంటిల్లే ఈ కుటుంబపు రహస్యం చెబుతుంది. ఆవాలు పొడిగా నోట్లో వేసుకుంటే అంత ఘాటు ఉండదు. అదే నూరి నీళ్లు చల్లితే ముక్కుకెక్కుతుంది. అరటికాయ ఆవపెట్టిన కూర చేసిన ఎవరికైనా ఇది తెలుసు. కారణం ఏమిటంటే, ఆవ జాతి మొక్కల్లో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. ఆకు నలిగినా, గింజ నలిగినా రెండూ కలుస్తాయి. అప్పుడు ఆవనూనె ఘాటు పుడుతుంది. మనకది రుచి. ఆకు కొరికే చాలా పురుగులకు అది విషం. మొక్క తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న తాళం అది.

ఆ తాళానికి ఈ పురుగు దగ్గర మారు తాళంచెవి ఉంది. ఘాటు పుట్టకముందే గ్లూకోసినోలేట్‌ను పనికిరాకుండా చేసే ఎంజైమ్ ఒకటి దాని కడుపులో ఉందని 2002లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. అంతటితో ఆగలేదు. తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కునేది ఆ ఘాటు వాసనను పట్టుకునే. మొక్క దొంగ కోసం పెట్టిన తాళమే దొంగకు చిరునామా అయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక దాని పద్దు చూద్దాం. మన వేడికి గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. పుట్టిన పిల్ల మొదట ఆకు పొరల మధ్య దూరి తింటుంది కాబట్టి కంటికే కనపడదు. తరువాత ఆకు అడుగుకు వచ్చి, పై పొర మాత్రం వదిలి మిగతాది గీకి తింటుంది. పై నుంచి చూస్తే చిన్న చిన్న అద్దపు కిటికీల్లా తెల్లగా కనిపిస్తుంది. ఆ పొర ఎండి రాలాక చిల్లు పడుతుంది. పది రోజులు అటూ ఇటూగా తిని, ఆకు అడుగునే పలచటి వల లాంటి గూడు అల్లుకుని, నాలుగైదు రోజుల్లో రెక్కలతో బయటికి వస్తుంది. మొత్తం మూడు వారాలు. ఒక్కో తల్లి సగటున 150 పైచిలుకు గుడ్లు పెడుతుంది.

మనం బ్యాంకు వాళ్లం కాబట్టి చక్రవడ్డీ లెక్కలో చెబుతాను. 150లో 140 ఏదో రకంగా చచ్చిపోయి పదే మిగిలాయనుకుందాం. అందులో ఆడవి ఐదు. నాటిన దగ్గర నుంచి కోత దాకా 80 రోజులు, అంటే నాలుగు తరాలు. ఒకటి ఐదవుతుంది, ఐదు ఇరవై ఐదు, ఇరవై ఐదు నూట ఇరవై ఐదు, అది 625. నూటికి తొంభై మూడు చచ్చాక తేలే లెక్క ఇది. గట్టు మీద నుంచి నేను 'ఆరోగ్యంగా ఉంది' అని రాసిన రోజు ఆ పొలంలో రెండో తరం నడుస్తూ ఉండాలి.

రెండోసారి నేను వెళ్లింది మార్చి మొదట్లో. అప్పటికి దాచడానికి ఏమీ లేదు. క్యాబేజీ పై ఆకులు జల్లెడ. కాలీఫ్లవర్ పువ్వులో పురుగు రెట్ట. పెద్దాయన షెడ్డులో ఖాళీ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు పిచికారీలు. ఐదారు రోజులకు ఒకటి. కొన్నిసార్లు రెండు మందులు, ఒకసారి మూడు, ఒకే ట్యాంకులో కలిపి. దుకాణం వాళ్లు చెప్పినట్టే చేశానన్నారు. సీసాలు తిప్పి చూస్తే పేర్లు వేరు, లోపలి మందు కొన్నింటిలో ఒకటే. వేరు వేరు కంపెనీల పేర్లతో ఒకే మందును మార్చి మార్చి కొట్టారన్నమాట.

ఆయన భార్య గట్టు దగ్గర కూర్చుని ముల్లంగి కట్టలు కడుతోంది. నన్ను చూసి లేచి వచ్చి, ఒక క్యాబేజీ ఆకు తుంచి వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది. ఆకు అడుగున పద్నాలుగు పురుగులు.

"నాయనా, మీరు ఆ పొద్దు పై ఆకే చూస్తిరి. కిందాకు ఎవురు చూసేది?" అంది.

కోపంగా అనలేదు. అడిగింది అంతే. జవాబు నా దగ్గర లేదు.

ఇంత మందు కొడితే ఎందుకు చావలేదు? ఈ ప్రశ్నకు జవాబు మన పల్లెలో మొదలవ్వలేదు. 1914లో బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ అనే కీటక శాస్త్రవేత్త దక్షిణ భారత కీటకాల మీద మద్రాసు నుంచి వెలువరించిన గ్రంథంలో ఈ పురుగు మన దేశంలో ఉన్నట్టు నమోదైంది. అప్పటికి ఇది ఎన్నో పురుగుల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీ వచ్చింది. 1953లో జావా దీవిలోని లెంబాంగ్ నుంచి, డీడీటీకి ఈ పురుగు చావడం లేదన్న కబురు వచ్చింది. పంటల పురుగుల్లో డీడీటీని తట్టుకున్న వాటిలో మొదటి వరసలో నిలిచింది ఇదే. 1960లలో మన పంజాబ్‌లోని లూధియానా ప్రాంతంలోనూ అదే కనిపించింది. ఆ తరువాత వచ్చిన మందుల్లో దాదాపు ప్రతి తరగతినీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇది జయిస్తూ వచ్చింది. 1985లో తైవాన్‌లోని తైనాన్‌లో కేవలం ఈ ఒక్క పురుగు గురించే అంతర్జాతీయ సదస్సు పెట్టారంటే దాని స్థాయి ఊహించుకోవచ్చు. ప్రపంచమంతా కలిపి ఏటా దీనివల్ల అయ్యే నష్టం, ఖర్చు 400 నుంచి 500 కోట్ల డాలర్లని ఒక అంచనా.

ఇందులో మాయ ఏమీ లేదు. మందు కొట్టినప్పుడు వెయ్యిలో ఏ రెండో తట్టుకుంటాయి. మిగిలిన ఆ రెండే పిల్లల్ని పెడతాయి. అదే మందు మళ్లీ కొడితే మళ్లీ అదే ఏరివేత. తరం మూడు వారాలే కాబట్టి, ఏడాదికి పదిహేను తరాలు తిరిగే చోట ఈ ఏరివేత వేగంగా సాగిపోతుంది. దీనికి తోడు ఇంకో నష్టం. కొటీసియా అనే చీమంత కందిరీగ ఒకటి మన మైదానాల్లో ఉంది. అది ఈ పురుగు ఒంట్లోకి గుడ్డు దించుతుంది. లోపల పెరిగిన పిల్ల బయటికి వచ్చి ఆకు మీద తెల్లని చిన్న గూడు కట్టుకుంటుంది, పురుగు చస్తుంది. ఆ తెల్ల గూళ్లను చూసి పురుగు గుడ్లనుకుని నలిపేసే రైతులున్నారు. వాటిని వదిలేయాలి. ప్రతి ఐదు రోజులకూ ఘాటైన మందు పడిన పొలంలో పురుగులో కొంత మిగులుతుంది గానీ, ఈ కందిరీగ మిగలదు. పెద్దాయన పొలంలో నేను గంట వెతికినా ఒక్క తెల్ల గూడు కనిపించలేదు.

పిచికారీ చేసిన తీరులోనూ తప్పులున్నాయి. క్యాబేజీ ఆకు మీద మైనపు పొర ఉంటుంది. నీటి చుక్క ముత్యంలా జారిపోతుంది. జిగురు మందో, సబ్బు నీళ్లో కలపకపోతే సగం మందు నేలపాలు. పైగా పురుగు ఉండేది ఆకు అడుగున, మందు పడేది పైన. పెద్దాయన కొట్టినవాటిలో కొన్ని మంచి మందులే. అవి చేరాల్సిన చోటికి చేరలేదు.

ఆ పంట మొత్తం మీద వచ్చిన డబ్బు మందుల ఖర్చుకు కాస్త పైన. తన తోపులో సర్వి కొట్టి అమ్మి కొంత కట్టారు. మిగతా బాకీ గడువు దాటింది. స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలాలు దాటితేనే ఎన్‌పీఏ అవుతుంది కాబట్టి కొంత వ్యవధి ఉంది. కానీ సకాలంలో కట్టినవారికి దక్కే 3 శాతం వడ్డీ రాయితీ పోయింది. 4 శాతానికి పడాల్సిన అప్పు ఆయనకు ఖరీదైంది. ఆ అదనపు మొత్తం డ్రా చేయించింది నేనే అన్న సంగతి నాకు గుర్తుంది.

ఏప్రిల్‌లో ఆయన్ను వెంటబెట్టుకుని కురుంబపేటలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లాను. చదువుకున్నప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టిన విషయాలనే ఈసారి నోటుబుక్కు తీసి రాసుకున్నాను.

మొదటిది, ఆవాల ఎర. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 1990ల మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది. ప్రతి 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు. ఒక వరస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి. మొదటిది ముదిరేసరికి రెండోది లేతగా అందుతుంది. పొలం మొదటి వరస, చివరి వరస ఆవాలే ఉండాలి. తల్లి పురుగు ఘాటు వాసన పట్టుకుని గుడ్లు పెడుతుందని పైన చెప్పాను కదా. క్యాబేజీ కన్నా ఆవాలకు ఆ ఘాటు ఎక్కువ. అందుకే పురుగులో పెద్ద భాగం ఆవాల మీదికి వెళుతుంది. ఎకరానికి అయ్యే ఖర్చు ఆవాల గింజలకే. అవి మన పోపులడబ్బాలోవే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆవాల వరసను అలా వదిలేస్తే అదే పురుగుల పెంపక కేంద్రం అవుతుంది. అక్కడ చేరిన పురుగును అక్కడే చంపాలి. పాత కరపత్రాల్లో దానికోసం డైక్లోర్వాస్ కొట్టమని ఉంటుంది. మా శాఖ బీరువాలోనూ అలాంటిది ఒకటి దొరికింది. 2018లో ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఆ మందు నిషిద్ధం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం 2005 నుంచే నిషేధం. మీ శాఖల్లో పాత కరపత్రాలుంటే ఈ రెండు పేర్ల కోసం ఒకసారి వెతకండి. రైతుకు మనం ఇచ్చే కాగితం మీద బ్యాంకు ముద్ర ఉంటుంది.

రెండోది, బీటీ. బీటీ పత్తి పేరు అందరికీ తెలుసు. ఆ పేరుకు మూలమైన బాక్టీరియానే పొడిగా, ద్రవంగా అమ్ముతారు. పురుగు దాన్ని తినాలి, అప్పుడే పని చేస్తుంది. కొన్ని గంటల్లో తిండి మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున పురుగు ఇంకా కదులుతోందని చూసి రైతు 'ఇది పని చేయలేదు' అని వేరే సీసా కొంటాడు. పెద్దాయనా అదే చేశారు. ఎండకు దాని శక్తి పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. కందిరీగలకు హాని లేదు. అలాగని దీన్నీ వారం వారం కొట్టకూడదు. పొలంలో బీటీని తట్టుకున్న మొదటి పురుగు ఇదేనని హవాయి దీవుల నుంచి 1990లో వెల్లడైంది.

మూడోది మనకు పాతదే, 5 శాతం వేప గింజల కషాయం. ఐదు కిలోల వేపపప్పు పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి సాయంత్రం కొట్టాలి. గడ్డ కట్టడం మొదలయ్యే ముందు నుంచే కొడితే ఫలితం బాగుంటుంది. లింగాకర్షక బుట్టలు ఎకరాకు ఐదు పెడితే పెద్ద పురుగు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. స్ప్రింక్లర్ ఉన్నవాళ్లు సాయంత్రం పూట నీళ్లు చిమ్మితే ఆ వేళకు జతకట్టే, గుడ్లు పెట్టే పురుగులకు ఇబ్బంది. చేతిలో వాన ఉన్నట్టే.

రసాయన మందు అసలు వద్దని నేను అనను. లెక్క దాటినప్పుడు వాడాలి. ఆ లెక్కే అసలు పాఠం. నాటిన మొదటి నాలుగు వారాల్లో మొక్కకు సగటున రెండు పురుగులు, ఆ తరువాత మొక్కకు ఐదు. అంతకు తక్కువుంటే మందు కొట్టాల్సిన పని లేదు. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఇరవై మొక్కలు చూడాలి. ప్రతిదానిలో ఆకు తిప్పాలి. కొట్టాల్సి వస్తే లేబుల్ మీద క్యాబేజీ పేరున్న మందే, చెప్పిన మోతాదే, ఒకటే. తరువాతి తరానికి వేరే తరగతి మందు. కంపెనీ పేరు మారితే చాలదు, లోపలి మందు మారాలి. లేబుల్‌లో కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో కూడా ఉంటుంది. అది మార్కెట్‌లో కొనే మనకోసం.

వేరే పురుగులను త్వరగా చెప్పేస్తాను. పొగాకు లద్దె పురుగు గుడ్లను గుంపుగా పెడుతుంది, ఆ ఆకు ఒక్కటి తుంచి నాశనం చేస్తే వందలు పోతాయి. ఆకులను వలతో అల్లి గుంపుగా తినేది ఒకటి. లేత మొక్క మొవ్వులోకి తొలిచేది ఇంకొకటి, దానివల్ల గడ్డే కట్టదు. నడుము పైకెత్తి కొలుస్తున్నట్టు నడిచేది మరొకటి. బీటీ, వేప వీటిలో చాలావాటి మీద, ముఖ్యంగా పిల్ల దశలో, పని చేస్తాయి.

ఒకదాని గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను మోసపోయాను. ముత్యాలపేటలో మా అద్దె ఇంటి మేడ మీద కుండీల్లో ఆవాకు, ముల్లంగి వేశాం. ఇంత చదివి వచ్చాక ఆకుల మీద నల్లటి పురుగులు కనపడగానే ఉత్సాహంగా బీటీ కొట్టాను. మూడు రోజులు, ఐదు రోజులు, ఒక్కటీ చావలేదు. మా ఆవిడ నవ్వింది. తాకితే చుట్టచుట్టుకుని కింద పడి చచ్చినట్టు నటిస్తున్నాయి. భూతద్దం పెట్టి కాళ్లు లెక్కపెడితే పొట్ట కింద ఎనిమిది జతల బుడిపె కాళ్లున్నాయి. రెక్కల పురుగుల పిల్లలకు అవి ఐదు జతలకు మించవు. ఇది ఆవాల రంపపు ఈగ పిల్ల. చూపుకు గొంగళి, పుట్టుక కందిరీగల వంశం. రెక్కల పురుగుల పిల్లల కోసం అమ్మే బీటీ దీన్ని ఏమీ చేయదు. పొద్దున్నే చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయడమే మందు. మేడ మీద పది కుండీలకు అది చాలు.

శాఖలో నా పని కొద్దిగా మారింది. ఆకుకూరలు, కూరగాయల ఖాతాల ఫీల్డ్ విజిట్ నాటిన మూడు నుంచి నాలుగు వారాల మధ్య ఒకటి తప్పక పెట్టుకుంటున్నాను, అదీ ఉదయం పూట. రిపోర్టులో 'పంట ఆరోగ్యంగా ఉంది' అనే మాట మానేశాను. ఇరవై మొక్కలకు ఎన్ని పురుగులు, గూళ్లున్నాయా, ఎర పంట ఉందా, మందు ఎన్నిసార్లు కొట్టారు, ఏవి, అని రాస్తున్నాను. ఆకు అడుగు ఫోటో ఒకటి జత చేస్తున్నాను. ఒక విజిట్‌కు పావుగంట ఎక్కువ పడుతుంది. నిజం చెప్పాలంటే నెలాఖరులో అది భారమే. రైతు మందుల కోసం మళ్లీ డబ్బు అడిగితే మాత్రం, పాత సీసాలు ఒక సంచిలో వేసుకుని రమ్మంటున్నాను. టేబుల్ మీద అవి వరసగా పెట్టి లోపలి మందు పేరు చదివితే చాలాసార్లు ఆ అదనపు డబ్బు అవసరం ఉండదు. మొదట్లో మేనేజరు గారు వాసన గురించి అభ్యంతరం చెప్పారు, న్యాయమే. ఇప్పుడు లేబుళ్లను ఫోన్‌లో ఫోటో తీసుకురమ్మంటున్నాను.

యానాం సహోద్యోగినితో చిల్లుల క్యాబేజీ సంగతి కూడా తేల్చుకున్నాం. చిల్లు ఉన్న గడ్డకు మందు కొట్టలేదని కాదు. పదకొండుసార్లు కొట్టినా పురుగు చావకపోతే అలాగే ఉంటుంది, ఆ పెద్దాయన సరుకు అలాగే ఉంది. చిల్లు లేని గడ్డ ఆవాల వరసల మధ్య పెరిగిందీ కావచ్చు. బయటి నుంచి చూసి చెప్పలేం. పై ఆకులు రెండు మూడు తీసేసి, మిగతావి విడదీసి ధారగా పడే నీళ్లలో కడుక్కోమని చెప్పాను. ఆవిడ ఇప్పుడు చిల్లులు చూడరు, గడ్డ బరువు చూస్తారు.

పెద్దాయన ఈ ఏడు అర ఎకరమే వేశారు, అంతా క్యాబేజీ. ఆవాలు ముందే విత్తారు. వానలు తగ్గీ తగ్గకముందే నాటారు. ఆవాల వరసలు నిజంగానే జల్లెడలయ్యాయి, చూడటానికి సంతోషంగా ఉంది. పురుగు లెక్క పని ఆయన భార్య తీసుకుంది. కళ్లజోడు లేకుండానే ఆయనకన్నా బాగా చూస్తుంది. ప్రతి గురువారం పొద్దున ఎనిమిది లోపల నాకు ఫోన్ వస్తుంది. ఈ వారం ఆరో వారం.

"నాయనా, ఇరవై మొక్కలకు ముప్పై ఒకటి. తెల్ల గూళ్లు తొమ్మిది ఉండాయి. మందు కొట్టేదా, వద్దా?"

వద్దన్నాను. ఆ గూళ్లను ముట్టుకోవద్దన్నాను. వచ్చే గురువారం లెక్క చూసుకుందామన్నాను.